చివరి పాత ఫోన్

ఈవిడ మధ్యాహ్నం పూట కాస్త కునుకు తీస్తే చాలు, ఊళ్లో ఇళ్లు మాయమైపోతాయి. నమ్మనివాళ్లను బతిమాలే ఓపిక ఎవరికీ లేదు. ఒకసారి నిజంగానే మాయమయ్యాయి. వీధులకు వీధులు, మేడలూ మెట్లూ తలుపులూ, ఒకటేమిటి, అన్నీ పోయాయి. మందుల పెట్టెలు చేత్తో పట్టుకున్న నర్సులు నడివీధిలో దిక్కులు చూస్తూ నిలబడిపోయారు. ఆనాటి నుంచి ఈవిడ కునుకు తీయడం మానేసిందని, కళ్ల కింద ఆ నల్లటి సంచులు నిద్ర దాచుకున్న మూటలేనని, ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ కుర్చీ చూపించక ముందే చెబుతారు.

ఆఫీసులో ఆవిడ పేరు అమ్మమ్మ. మనవలు లేరు సరికదా, వయసు యాభై కూడా దాటలేదు. పాతది ఏదీ పారెయ్యనివ్వదు కాబట్టి ఆ పేరు అతుక్కుంది. ఆవిడ అడ్డుపడకపోతే, పిడి విరిగిన తన టీ కప్పు ఎప్పుడో చెత్తబుట్టలో కలిసిపోయేది. ఆ పిడిలేని కప్పుతోనే ఆవిడ రోజూ తాగుతుంది. వేళ్లు కాలకుండా పట్టుకోవడం ఒక విద్య అంటుంది.

ఆ కంపెనీ చేసే పని ఇదీ. మంచం దిగలేనివాళ్లకు ఇంటికొచ్చి సూది వేసే నర్సులు, కట్లు మార్చే నర్సులు ఊరంతా తిరుగుతుంటారు. పొద్దున్నే వాళ్ల ఫోన్‌లో యాప్ తెరిస్తే ఆ రోజు ఎవరింటికి వెళ్లాలో, ఏ మందు ఇవ్వాలో కనపడుతుంది. ఆ యాప్ వెనక ఒక సర్వర్, సర్వర్ వెనక ఒక డేటాబేస్, వివరాలన్నీ గళ్లు గీసి రాసుకునే పెద్ద పుస్తకం లాంటిది. ఆ డేటాబేస్‌లో ఏ టేబుల్ ఉండాలి, అందులో ఏ కాలమ్ ఉండాలి, వాటిని ఎప్పుడు ఎలా మార్చాలి అన్నది అమ్మమ్మ చూసుకుంటుంది. ఇంట్లో జనం తింటూ పడుకుంటూ ఉండగానే, వాళ్లకి తెలియకుండా గోడలు జరిపే మేస్త్రీ పని అది. బాగా చేస్తే ఎవరికీ తెలియదు. చెడగొడితే వీధంతా తెలుస్తుంది.

మొదట్లో చిరునామా అంటే ఒకటే కాలమ్. సంచిలో కూరగాయలు కుక్కినట్టు అన్నీ అందులోనే. ఇంటి నంబరు, వీధి, మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు, కుక్క కరవదు కానీ అరుస్తుంది. తర్వాత ఫోన్‌లో దారి చూపించాలంటే ఇలా కుదరదని నంబరుకి ఒకటి, వీధికి ఒకటి, అంతస్తుకి ఒకటి, గుర్తులకి ఒకటి కొత్త కాలమ్‌లు పెట్టారు. కొత్త వెర్షన్ యాప్ వాటిని చదువుతుంది. కానీ నర్సుల ఫోన్‌లన్నీ ఒక్కరోజులో మారవు కదా. మారనివి పాత కాలమ్‌నే చదువుతాయి. అందుకని అమ్మమ్మ పద్ధతి ఒకటుంది. ముందు కొత్త మెట్లు కట్టు. కొన్నాళ్లు రెండు మెట్లూ ఊడ్చు. జనం ఒక్కొక్కరే కొత్తవాటికి అలవాటు పడతారు. పాత మెట్ల మీద ఒక్క పాదం కూడా లేదని నీ కళ్లతో చూశాకే గునపం ఎత్తు.

ఆ రోజుల్లో ఆవిడ పక్క కుర్చీలో ఒకతను ఉండేవాడు. వేగం అని పిలిచేవారు, నడకలోనూ మాటలోనూ అంతే. భోజనం అయ్యాక అమ్మమ్మ చేతుల మీద తల ఆనించిన కాసేపట్లో, కొత్తవి వచ్చాయి కదా ఇంకా ఈ పాతదెందుకని ఆ చిరునామా కాలమ్‌ని అతను పీకేశాడు.

అమ్మమ్మ లేచేసరికి, ఏది చెడినా ముందుగా మోగే డ్యూటీ ఫోన్ మోగుతోంది. అవతల ఒక నర్సు.

"అక్కా, ఇల్లు పోయింది."

"ఏ ఇల్లమ్మా?"

"అన్నీ."

ఆ నర్సు గొంతులో కోపం లేదు, కంగారు లేదు. వానలో నిలబడ్డ మనిషి గొంతు. ఎవరో పెద్దాయనకి ఇన్సులిన్ పట్టుకుని బయల్దేరింది, ఆ పేటకి ఎన్నడూ వెళ్లలేదు, ఫోన్‌లో ఆయన పేరుంది, కింద తెల్లగా ఉంది. అమ్మమ్మ దాచిన కాపీ నుంచి కాలమ్‌ని తిరిగి తెచ్చేలోపు ఆ నర్సు ఇంటింటి తలుపూ తట్టింది. చీకటి పడే వేళకి దొరికిందట. పెద్దాయన బాగానే ఉన్నాడు. వేగం కూడా బాగానే ఉన్నాడు, ఇంతకన్నా పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. మిగిలింది అమ్మమ్మ, ఆ కాలమ్, ఆ డ్యూటీ ఫోన్.

రెండు మెట్లూ ఊడవడం అంటే తమాషా కాదు. ఎవరైనా ఇల్లు మారితే కొత్త చిరునామా రెండుచోట్లా రాయాలి. రెండూ ఒక్క అక్షరం తేడాగా ఉన్నా డ్యూటీ ఫోన్ గుర్రుమంటుంది. స్నానానికి వెళ్తే అది సబ్బుపెట్టె పక్కన ఉంటుంది. మూడు గోడల అవతల అది వణికితే ఆవిడకి ఇక్కడ పళ్లు జివ్వుమంటాయని చెప్పుకుంటారు. సినిమాలకి వెళ్లి ఏళ్లుగా మొదటి సగాలే చూసింది. రెండో సగం భర్త ఇంటికొచ్చి చెబుతాడు. ఆయన లిఫ్ట్ మెకానిక్. ఆయన చెప్పిన రెండో సగాలన్నిటిలోనూ చివరికి ఎక్కడో ఒకచోట లిఫ్ట్ ఆగిపోతుంది.

"ప్రేమ కథలో లిఫ్ట్ ఏంటండీ?" అని ఆవిడ అడిగితే, "నువ్వు ఉండి చూడాల్సింది" అంటాడు.

ఈ మధ్య ఆవిడకి అలసట ఒంట్లోంచి దిగడం మానేసింది. ఆదివారం పడుకుని లేచినా సోమవారం సాయంత్రంలాగే ఉంటుంది. రిపోర్టుల సెక్షన్‌లో ఒక కుర్చీ ఖాళీ అయిందని తెలిసి, నన్ను అక్కడికి వెయ్యండని కొత్త మేనేజర్‌ని అడిగింది. రిపోర్టుల సెక్షన్‌లో ఫోన్ ఉండదు. అక్కడివాళ్లు సాయంత్రం కంప్యూటర్ ఆపేస్తే అది నిజంగా ఆగిపోతుంది.

కొత్త మేనేజర్ కుర్రవాడు, మంచివాడు, ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు.

"వేస్తాను మేడం. కానీ ఆ పాత కాలమ్‌ని ఏంచేద్దాం? మీరు తప్ప దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. డ్యూటీ ఫోన్ మోగేది సగానికి సగం దాని గురించే. అది పోతే ఫోన్‌ని అందరం వంతులేసుకుంటాం. అది ఉన్నంతకాలం మీరూ ఇక్కడే ఉండాలి."

"ఇంకా ఒకళ్లు చదువుతున్నారు బాబూ."

"ఒకళ్లా?"

"ఒక పాత ఫోన్. రోజూ పొద్దున్నే ఒకసారి."

"ఒక్క ఫోన్ కోసం రెండేళ్లా మేడం?"

"ఆ ఒక్క ఫోన్ చూసుకుని వెళ్లే ఇల్లు ఒకటుంటుంది కదా."

అతను గోడకున్న క్యాలెండర్ చూశాడు. "ఈ నెలాఖరు వరకు ఆ కుర్చీ ఆపగలను. తర్వాత నా చేతిలో ఉండదు."

ఏనుగు పోయింది, తోక చిక్కుకుంది. పాత కాలమ్‌ని చదివే ఫోన్‌లు ఒకప్పుడు వందలు. గ్రాఫ్ కొండ దిగినట్టు దిగుతూ వచ్చి రెండేళ్ల కిందట ఒకటి దగ్గర ఆగింది. రోజుకి ఒకే ఒక్కసారి. ఎవరు, ఎవరి ఇల్లు అడుగుతున్నారో మాత్రం కనపడదు. రోగుల ఇళ్ల వివరాలు మనం తెరిచి చూడకూడదని, చూడాలంటే నర్సుల పెద్ద వచ్చి తాళం తీయాలని గట్టిగా పట్టుబట్టిన మనిషి ఎవరో కాదు, అమ్మమ్మే. తన తాళానికి తనే అవతల నిలబడింది.

కనపడకపోతేనేం, ఆవిడకి ఆ నర్సు బాగా తెలుసు. ఊరి చివర ఎక్కడో ఉంటుంది. పదవీ విరమణకి దగ్గర్లో ఉన్న మనిషి. ఫోన్ అద్దం పగిలితే టేపు అంటించుకుంది. అప్‌డేట్ నొక్కమని అడిగితే ఉన్నది పోతుందేమోనని భయపడి పక్కకి తోసేస్తుంది. ఒకప్పుడు వానలో నిలబడ్డ గొంతే ఆమెది. ఇప్పుడు ఒకే ఒక్క రోగి మిగిలాడు, పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి వస్తుంది. గిన్నెలు తోముతూ అమ్మమ్మ ఆమెతో మాట్లాడేది కూడా. "ఇంక మార్చుకోవమ్మా తల్లీ, నాకూ నడుం వంగిపోతోంది" అని.

ఆ మర్నాడే అమ్మమ్మ టెస్టింగ్ పిల్లను వెంటబెట్టుకుని నర్సుల ఆఫీసుకి వెళ్లింది. టెస్టింగ్ పిల్ల అంటే యాప్ బయటికి వెళ్లేముందు దాన్ని నానా విధాలుగా చెడగొట్టి చూసే ఉద్యోగి. నోరు చెయ్యి రెండూ ఊరుకోవు. నర్సుల పెద్ద విశాలమైన మనిషి. ఆవిడ గుసగుసలాడితే పక్క గదిలో మందుసీసాలు గలగలమంటాయి.

"ఏం అమ్మాయ్, మొహం అలా ఉతికి ఆరేసినట్టుంది? తిండి మానేశావా?"

"నిద్ర మానేశానండీ. మీ దగ్గర పాత ఫోన్ ఇంకా ఎవరు వాడుతున్నారు?"

"నా దగ్గర పాతదంటే నేనొక్కదాన్నే."

"నిజం చెప్పండి పెద్దమ్మా," అంది టెస్టింగ్ పిల్ల, "ఇవాళ దొరక్కపోతే మా అమ్మమ్మ మీ గుమ్మంలోనే పడుకుంటుంది."

ఫోన్‌లన్నీ బల్లమీద పెట్టించారు. డ్యూటీకి వెళ్లిన నర్సులు ఒక్కొక్కరే తిరిగొచ్చి, బొట్టుబొట్టుగా చెమట కారుతున్న చేతులతో ఫోన్‌లు అందించారు. అమ్మమ్మ ఒక్కోటి తెరిచి వెర్షన్ చూసింది. అన్నీ కొత్తవే. సొరుగు లాగితే అందులో పాత ఫోన్‌లు ఎండిన చేపల్లా పడి ఉన్నాయి. ఒకదాని బ్యాటరీ బూరెలా ఉబ్బింది. ఇంకొకటి బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టారు. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు.

"అయిపోయిందా నీ జనాభా లెక్కలు?" అంది నర్సుల పెద్ద. "అందరూ ఎప్పుడో మారిపోయారమ్మా. నేనే తిట్టి మార్పించాను. నా తిట్లకి ఫోన్‌లు వాటంతటవే అప్‌డేట్ అయ్యాయి."

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ గ్రాఫ్ తెరిచింది. ఒకటి. చుక్క పెట్టినట్టు, ఎప్పటిలాగే.

"దెయ్యం," అంది టెస్టింగ్ పిల్ల. "సూది వెయ్యడం మర్చిపోయి చచ్చిపోయిన నర్సు. రోజూ ఆ ఇల్లు వెతుక్కుంటూ వస్తోంది. చూడు అమ్మమ్మా, చల్లగాలి వచ్చింది."

"ఏసీ అది. నోరు మూసుకుని నర్సుల పెద్దకి ఫోన్ చెయ్యి. తాళం తీయాలి."

మధ్యాహ్నానికి నర్సుల పెద్ద వచ్చింది. ఆవిడ తన పాస్‌వర్డ్ కొడుతుంటే మేనేజర్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. నెలాఖరు దగ్గరపడుతోంది. అమ్మమ్మ చేతిలో పిడిలేని కప్పు చల్లారిపోయింది. ఇప్పుడు ఒక రోగి పేరు కనపడుతుంది, ఒక ఇల్లు కనపడుతుంది, ఆ ఇంటికి వెళ్తే ఆ నర్సు దొరుకుతుంది. దొరికితే కొత్త ఫోన్ చేతిలో పెట్టి, దండం పెట్టి, వచ్చి పడుకోవచ్చు.

తెర మీద చిరునామా వచ్చింది. నర్సుల పెద్ద చదివింది. ఆవిడ చదివితే ఆ అంతస్తంతా విన్నట్టే.

"దర్జీ కొట్టు మీద మేడ. వెనక మెట్లు. గంట మోగదు, తలుపు తట్టాలి. కిటికీలో ఆకుపచ్చ కర్టెన్." ఆగి కళ్లజోడు సర్దుకుంది. "ఎవరమ్మాయ్ ఈ రోగి? మా లిస్టులో ఎప్పుడూ లేడే?"

అమ్మమ్మ కప్పు కింద పెట్టింది.

"నేను."

"నీకేం జబ్బు?"

అమ్మమ్మ తెర వైపు వంగి ఇంకోసారి చదువుకుంది. ఆ ఆకుపచ్చ కర్టెన్ తనే కుట్టించింది. కిందున్న దర్జీ చేతే. ఆ ఇల్లు ఖాళీ చేసి ఏళ్లయింది. ఆ గంట బాగుచేస్తానని లిఫ్ట్ మెకానిక్ మాట ఇచ్చి, ఇల్లు మారేదాకా బాగుచెయ్యలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇళ్లు మాయమైన ఆ వారంలోనే, మళ్లీ ఎవరూ ఆ కాలమ్‌ని తెలియకుండా పీకకూడదని, తనొక చిన్న ప్రోగ్రాం రాసింది. అది అచ్చం పాత ఫోన్‌లా వేషం వేసుకుని, రోజూ పొద్దున్నే పాత దారిలో వచ్చి ఒక చిరునామా అడగాలి. దొరికితే నోరు మూసుకోవాలి. దొరక్కపోతే డ్యూటీ ఫోన్ మోగించాలి. పరీక్ష కోసం ఏ రోగి ఇల్లో వాడటం తప్పని, తన ఇల్లే రాసింది. అది ఎప్పుడూ నోరు మూసుకునే ఉంది కాబట్టి ఆవిడ మర్చిపోయింది. సర్వర్‌లు మారినప్పుడు సామాన్లతో పాటు పిల్లి వచ్చినట్టు అదీ కొత్త సర్వర్‌కి వచ్చేసింది. చివరి పాత ఫోన్ అదే. ఆ కాలమ్ ఉందా లేదా అని చూడటానికి వచ్చే ఆ ప్రోగ్రాం కోసమే ఆ కాలమ్ ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఈవిడ మరీ ఊరుకోక, ఆ పిల్లకి రెండేళ్లు అన్నం కలిపి పెట్టింది.

టెస్టింగ్ పిల్ల నవ్వీ నవ్వీ బల్ల పట్టుకుంది. మేనేజర్ నవ్వకుండా ఉండటానికి క్యాలెండర్ వైపు చూశాడు, అది కూడా నవ్వొచ్చేలాగే ఉన్నట్టుంది, దగ్గాడు. అమ్మమ్మకి మాత్రం నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు. కుర్చీలో వెనక్కి వాలింది. టేపు అంటించిన ఫోన్, ఊరి చివరి ఇల్లు, ఒకే ఒక్క రోగి... ఆ మనిషి లేదు. ఇన్నాళ్లూ గిన్నెల దగ్గర ఎవరితో మాట్లాడింది?

"పోనీలే అమ్మాయ్," అంది నర్సుల పెద్ద, జీవితంలో మొదటిసారి మెల్లగా. "ఎవరూ మిగల్లేదంటే మంచిదేగా. అందరూ దాటేశారు."

"దాటేశారు," అంది అమ్మమ్మ. "నేనే మిగిలాను."

సాయంత్రం భర్త గ్రీజు అంటిన చేతులు కడుక్కుంటూ మొత్తం విన్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"మేం పాత లిఫ్ట్‌ని ఆపేముందు అది దిగే షాఫ్ట్ గోతిలోకి తల పెట్టి 'లోపల ఎవరైనా ఉన్నారా' అని అరుస్తాం. నువ్వు అరిచావు. నీ గొంతే తిరిగొచ్చింది. 'అయ్యో, ఉన్నారు' అనుకుని రెండేళ్లు కరెంటు తియ్యకుండా కూర్చున్నావు."

"అరవడం తప్పా?"

"అరవకుండా తీసినవాళ్లని చూశాను," అన్నాడు ఆయన. "నువ్వు చేసిందే నయం. అన్నం పెట్టు."

మర్నాడు ఆవిడ ఆ చిన్న ప్రోగ్రాంని ఆపేసింది. ఆపేముందు కాసేపు చూసిందని, దానికి వీడ్కోలు చెప్పిందని, దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయని టెస్టింగ్ పిల్ల ప్రచారం చేసింది కానీ, ప్రోగ్రాంలకి కళ్లు ఇంకా రాలేదు. ఆ తర్వాత పొద్దున గ్రాఫ్ నేలకి ఆనింది. ఆ మర్నాడూ అంతే. అయినా అమ్మమ్మ ఒకేసారి పీకలేదు. ముందు కాలమ్‌కి పేరు మార్చి పక్కన పెట్టింది, ఎవరైనా వెతుక్కుంటే అరుస్తారని. ఆ కొన్ని రోజులూ మేనేజర్ దారిలో ఎదురైనప్పుడల్లా క్యాలెండర్ వైపు చూసేవాడు. ఆవిడ చూడనట్టు వెళ్లిపోయేది.

ఎవరూ అరవలేదు. నెల చివరి పనిదినం, అందరూ చూస్తుండగా, పట్టపగలు, కాలమ్‌ని పీకేసింది. తెర మీద ఒక చిన్న లైను వచ్చింది, అయిపోయిందని. అంతే. కొండలు కదల్లేదు. బయట వీధిలో ఎవడో సైకిల్‌కి గాలి కొడుతున్నాడు, వాడు కూడా తలెత్తి చూడలేదు. డ్యూటీ ఫోన్ బల్లమీద బోర్లా పడి, అలిగిన పిల్లాడిలా ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే దాన్ని వంతుల పద్ధతికి అప్పగించారు. మొదటి వంతు టెస్టింగ్ పిల్లది. అందరూ నిలబడి టీ తాగారు. అమ్మమ్మ కుడి జేబు తేలికైపోయి, నడుస్తుంటే ఒక పక్కకి ఒరుగుతున్నట్టుంది. లోపల ఏమీ లేకపోయినా తొడ దగ్గర అది వణుకుతూనే ఉంది. రెండుసార్లు చెయ్యి పెట్టి చూసుకుంది. పిడిలేని కప్పు రిపోర్టుల సెక్షన్‌కి వెళ్లే అట్టపెట్టెలో ఉంది కాబట్టి, పిడి ఉన్న కప్పులో తాగాల్సి వచ్చింది. ఎలా పట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

కొత్తగా చేరిన ఒకామె పక్కన నిలబడి, ఆవిడ ఎవరని అడిగింది. టెస్టింగ్ పిల్ల అలాంటి అవకాశం వదులుతుందా?

"అయ్యో, తెలీదా? ఆవిడ కునుకు తీస్తే ఊళ్లో ఇళ్లన్నీ మాయమైపోతాయి! ఒకసారి ఊరు ఊరంతా పోయింది. తర్వాత ఇన్నేళ్లూ ఒంటిచేత్తో ఇళ్లన్నీ పడిపోకుండా పట్టుకుని నిలబడింది. ఇవాళే దించింది."

కొత్తామె నోరు తెరిచి అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ ఆవులించింది. కప్పు బల్లమీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"ఇళ్లు ఎక్కడివక్కడే ఉంటాయమ్మా. ఫోన్‌లో కనపడవు, అంతే. నేను తీసింది ఒక్క కాలమ్. అది కూడా రెండేళ్లు ఆలస్యంగా."